ఏ చేప ఏ నీళ్లది? గచ్చిబౌలి ఫిష్ ట్యాంక్ వెనక ఉన్న కథ

ఈ రోజు ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతాను.

మూడేళ్ల కిందట నేనింకా జాబ్‌లోనే ఉన్నాను. గచ్చిబౌలిలో ఫ్రెండ్స్‌తో కలిసి ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. రీల్స్ చూసి చూసి ఒక రెండడుగుల ట్యాంక్ కొన్నాను. మట్టి వేశాను, మొక్కలు నాటాను, మంచి లైట్ పెట్టాను. పదిహేను నియాన్ టెట్రాలు తెచ్చి వదిలాను. నీలం గీత, కింద ఎర్ర గీత, అన్నీ ఒకేసారి తిరుగుతుంటే ఆ రోజు రాత్రి రెండింటి దాకా అలా చూస్తూ కూర్చున్నాను.

నెల తిరిగేసరికి నాలుగు మిగిలాయి. మే నెల దాటేసరికి ఒక్కటే. ఆ ఒక్కటీ ఒక మూల మొక్క వెనక కదలకుండా నిలబడిపోయేది. తిండి వేసినా బయటికి వచ్చేది కాదు. మన కోడ్‌లో బగ్ వస్తే రోల్‌బ్యాక్ చేసుకుంటాం కదా, దీనికి రోల్‌బ్యాక్ లేదు. నా చేతుల్లో పద్నాలుగు ప్రాణాలు పోయాయి.

షాపులో అడిగితే "మందు వేయండి సర్" అన్నారు. వేశాను, ఏమీ మారలేదు. చాలా రోజుల తర్వాత అర్థమైంది, నేను అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని. "ఏ చేప బాగుంటుంది" అని అడిగాను గానీ, "ఈ చేప ఏ నీళ్లది" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ రోజు కథంతా ఆ ప్రశ్న గురించే.

ముందు అసలు ఈ మొక్కల ట్యాంక్ ఐడియా ఎక్కడిదో చూద్దాం. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అని ఒక కెమిస్ట్ ఉండేవాడు. 1850లో ఆయన ఒక ప్రయోగం గురించి రాశాడు. ఒక గాజు పాత్రలో నీళ్లు, రెండు చిన్న గోల్డ్ ఫిష్‌లు, ఒక వాలిస్నేరియా మొక్క. చేపలు వదిలే కార్బన్ డయాక్సైడ్ మొక్క తీసుకుంటుంది, మొక్క ఇచ్చే ఆక్సిజన్ చేపలు తీసుకుంటాయి. బాగానే నడిచింది గానీ ఆకులు కుళ్లి నీళ్లు పాడవ్వడం మొదలైంది. అప్పుడు ఆయన చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని, పాచిని తినేశాయి, ట్యాంక్ నిలబడింది. అంటే ట్యాంకులో ఏం వేసినా ఒకదానికొకటి పనికొచ్చేలా వేయాలి అనేది మొదటి రోజు నుంచీ ఉన్న రూలే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఈస్టిండియా కంపెనీలో డాక్టర్లకి వైద్యంతో పాటు ఇంకో పని కూడా ఉండేది. ఇక్కడి మొక్కలు, పాములు, చేపలు ఏమున్నాయో లెక్క రాయడం. అలా మన విశాఖపట్నంలో ఉండి పనిచేసినాయన ప్యాట్రిక్ రస్సెల్. విశాఖలో సేకరించిన రెండొందల చేపల బొమ్మలతో 1803లో ఆయన పుస్తకం వచ్చింది. అందులో చేపలకి ఇక్కడి జనం పిలిచే పేర్లే రాసుకున్నాడు. రక్తపింజరిని ఇంగ్లిష్‌లో రస్సెల్స్ వైపర్ అంటారే, ఆ రస్సెల్ ఈయనే.

అయితే రస్సెల్‌వి ఎక్కువగా సముద్రపు చేపలు. మన ట్యాంకులోకి వచ్చే మంచినీటి చేపల సంగతి ఇంకో డాక్టర్ రాశాడు. ఆయన ఫ్రాన్సిస్ బుకానన్, తర్వాత హామిల్టన్ అని ఇంటిపేరు మార్చుకున్నాడు. బెంగాల్, బీహార్ వైపు ఏళ్ల తరబడి సర్వే చేసి, 1822లో గంగ, దాని ఉపనదుల చేపల మీద పెద్ద పుస్తకం వేశాడు. కోసి నదిలో దొరికిన ఒక చిన్న చారల చేపకి అందులో రేరియో అని పేరు పెట్టాడు. అదే ఈ రోజు మనం కొనే జీబ్రా డానియో. డానియో అనే మాట కూడా బెంగాలీ నుంచి వచ్చిందే. ధాన్ అంటే వరి, అంటే ఇది వరిపొలాల చేప.

ఇంకో విషయం తెలుసా? రోజీ బార్బ్, టిక్టో బార్బ్, డ్వార్ఫ్ గౌరామి, లోపలి ముల్లు కూడా కనిపించే గ్లాస్ ఫిష్, ఇవన్నీ ఆ ఒక్క పుస్తకంలోవే. ఫారిన్ చేపలు అనుకుని మనం కొనే వాటిలో కొన్ని మన వాగుల్లోవి. చిన్నప్పుడు ఊళ్లో వాన పడ్డాక కాలవలో గుడ్డ పెట్టి పట్టేవాళ్లం కదా పరకలు, వాటి చుట్టాలే ఈ బార్బ్‌లు.

మరి నా నియాన్ ఎక్కడిది? పశ్చిమ అమెజాన్‌ది. పెరూ, కొలంబియా, బ్రెజిల్ అడవుల్లో చెట్ల నీడలో పారే వాగులు. 1936లో జార్జ్ మయర్స్ అనే శాస్త్రవేత్త దీనికి ఇన్నెసీ అని పేరు పెట్టాడు, అక్వేరియం మ్యాగజైన్ నడిపిన విలియం ఇన్నెస్ గౌరవంగా. దాని చుట్టం కార్డినల్ టెట్రా కథ ఇంకా బాగుంటుంది. 1956లో రెండు టీములు ఒకే చేపకి వేరే వేరే పేర్లు పెట్టాయి. ఒకటి ఫిబ్రవరి 20న అచ్చయింది, రెండోది ఫిబ్రవరి 21న. ఒక్క రోజు తేడా! గొడవ అంతర్జాతీయ కమిషన్ దాకా వెళ్లింది, ముందు వచ్చిన పేరే గెలిచింది. మనవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఎవరి కమిట్ ముందు పడితే వాళ్ల పేరే ఉంటుంది.

కార్డినల్ పుట్టిన రియో నీగ్రో నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, ఆకులు నాని నాని. లవణాలు దాదాపు ఉండవు, వాన నీళ్లంత మెత్తన. కొంచెం పుల్లన కూడా, అంటే పీహెచ్ తక్కువ. ఇప్పుడు మన గచ్చిబౌలి నీళ్లు గుర్తు చేసుకోండి. గ్రానైట్ రాయి పగలగొట్టి వందల అడుగుల లోతు నుంచి తోడిన బోరు నీళ్లు, లేదంటే ట్యాంకర్ నీళ్లు. గీజర్‌లో తెల్లటి పొర, బకెట్ అంచున తెల్లటి గీత. ఆ నీళ్లలో నేను అమెజాన్ వాగు చేపని వదిలాను. ఫామ్‌లో పుట్టి పెరిగినవి కొంత అలవాటు పడతాయి, నిజమే. కానీ ఒక్కసారిగా ఇంత మార్పు, దాని పైన మే నెలలో ఏసీ లేని గది. పొద్దున తొమ్మిదికి అందరం తలుపులేసి ఆఫీస్‌కి పోతే, ఆ నీళ్లు ఎంత వేడెక్కుతాయో చూసేవాళ్లే లేరు.

ఇక మిగిలిన ఆ ఒక్క నియాన్ ఎందుకు అలా అయిపోయింది? 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ అనే గ్రాఫిక్స్ ప్రోగ్రామర్ బాయిడ్స్ అని ఒక ప్రోగ్రామ్ చూపించాడు. మూడే రూల్స్. పక్కవాడికి గుద్దుకోకు, పక్కవాళ్లు పోయే దిక్కుకే పో, గుంపు మధ్యకి దగ్గరగా ఉండు. అంతే, స్క్రీన్ మీద పిట్టల గుంపు, చేపల గుంపు తయారైపోయింది. నాయకుడు లేడు. చూడండి, మూడు రూల్సూ పక్కవాడి గురించే. పక్కన ఎవరూ లేకపోతే ఆ చేపకి నడిపే రూలే లేదు. ప్రకృతిలో గుంపు అంటే కాపలా కూడా, ఒంటరి చేప అంటే శత్రువుకి దొరికిపోయిన చేప. అందుకే గుంపు చేపల్ని కనీసం ఆరు, వీలైతే పది తీసుకోమంటారు. రెండు ఇవి, రెండు అవి అని రంగులు కలిపి కొంటే గుంపు అవ్వదు, అన్నీ భయంతోనే బతుకుతాయి.

ఇప్పుడు మన జీబ్రా డానియో దగ్గరికి మళ్లీ వద్దాం. 1905లో యూరప్ వెళ్లింది. తర్వాత అమెరికాలో పెట్ షాపుల్లోకి చేరింది. ఒరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ స్ట్రైసింగర్ అనే సైంటిస్ట్‌కి చేపలు పెంచడం హాబీ. ఆయన ఈ చేపని ల్యాబ్‌లోకి తెచ్చాడు. కారణాలు సింపుల్. గుడ్డు తల్లి బయట పెరుగుతుంది, పిండం గాజులా పారదర్శకంగా ఉంటుంది, ఒక్క రోజులో శరీరం ఆకారం కనిపిస్తుంది. ఏ నీళ్లయినా, కొంచెం చలయినా వేడయినా తట్టుకుంటుంది. 1981లో దీని క్లోన్‌ల మీద ఆయన పేపర్ నేచర్‌లో వచ్చింది. 2013లో మొత్తం జీనోమ్ వచ్చింది. మనిషి జీన్స్‌లో దాదాపు 70 శాతానికి ఇందులో జోడీ ఉందని తేలింది.

ఈ రోజు హబ్సిగూడ సీసీఎంబీలో జీబ్రా ఫిష్ మీద పరిశోధన జరుగుతోంది. మన గచ్చిబౌలిలోనే, హైదరాబాద్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న డాక్టర్ రెడ్డీస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్‌లో కూడా. కోసి నదిలో పేరు తెచ్చుకున్న చేప ప్రపంచం తిరిగి మా ఫ్లాట్‌కి కొన్ని కిలోమీటర్ల దూరంలోకి వచ్చి కూర్చుంది. నేనేమో షాపులో దాన్ని "చీప్ చేప" అని పక్కన పెట్టి నియాన్ కొన్నాను.

సరే, మరి ఏం కొనాలి? ముందు నీళ్లు చూడండి, తర్వాతే చేప. మీది బోరు నీళ్లు, ఏసీ ఎప్పుడూ ఉండదు అంటే, ఎనిమిది పది జీబ్రా డానియోలు, కింద వాలిస్నేరియా, కొన్ని నత్తలు. వాలిస్నేరియాకి గట్టి నీళ్లంటే ఇబ్బంది లేదు. మూడడుగుల ట్యాంక్ ఉంటే టిక్టో బార్బ్ గుంపు కలపొచ్చు. రోజీ బార్బ్ మెత్తటి ఆకుల్ని కొరుకుతుంది, గుర్తుంచుకోండి. డానియోలు చాలా స్పీడు, నెమ్మదిగా తినే గౌరామిని పక్కన పెడితే దానికి తిండి మిగలదు.

లేదు, నాకు ఆ నీలం గీతే కావాలి అంటారా? తప్పు లేదు. ఆర్ఓ నీళ్లు కలిపి మెత్తన చేయండి. మన ఎండలకి నియాన్ కంటే కార్డినల్ కొంచెం వేడి తట్టుకుంటుంది, డజను తీసుకోండి. ఏంజెల్ ఫిష్ కూడా అమెజాన్‌దే కదా అని కలపకండి, పెద్దదయ్యాక చిన్న టెట్రాల్ని మింగేస్తుంది. ఊరు ఒకటైతే సరిపోదు, నోరు ఎంతుందో కూడా చూడాలి. టైగర్ బార్బ్ పొడుగు రెక్కల్ని కొరుకుతుంది, దాన్ని గౌరామితో ఉంచకండి.

చివరిగా ఒక్క రిక్వెస్ట్. చేపలు వద్దనిపిస్తే దుర్గం చెరువులో వదిలేసి రావద్దు. అద్దం శుభ్రం చేస్తుందని అమ్మే సక్కర్ ఫిష్ దక్షిణ అమెరికాది. అది అడుగు దాటి పెరుగుతుంది. ఇలా బయటపడ్డవే మన చెరువుల్లో, నదుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి, జనం దాన్ని దెయ్యం చేప అంటున్నారు. తూర్పు కనుమల నీళ్లలో అది ఎక్కడెక్కడ ఉందో సీసీఎంబీ వాళ్లు నీటిలో డీఎన్ఏ ఆనవాళ్లతో వెతికారు. ఇష్టం పోయిన చేపని షాపుకి తిరిగి ఇవ్వండి, లేదా పెంచేవాళ్లకి ఇవ్వండి.

నా దగ్గర ఇప్పుడు పది జీబ్రాలు ఉన్నాయి. మొన్న మే నెల దాటాయి, పదీ ఉన్నాయి. మీ ట్యాంకులో ఏ చేపలున్నాయో, అవి ఏ నీళ్లవో చూసి నాకు చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.