సుప్రీంకోర్టులో ఎన్ని కుర్చీలు?

కర్నూలు హైకోర్టు బెంచి మాట వచ్చినప్పుడల్లా మన సీమలో మూడు సంగతులు కలగాపులగమవుతుంటాయి: జడ్జీల సంఖ్య, కోర్టు ఉండే ఊరు, రాజ్యాంగ సవరణ. ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

‘మించకుండా’: సుప్రీంకోర్టు కూర్పు చెప్పేది రాజ్యాంగం 124(1) అధికరణం. ప్రధాన న్యాయమూర్తి, ఆయన గాక ఏడుగురికి మించకుండా జడ్జీలు అని అందులో ఉంది. అంటే ఏడు గరిష్ఠ పరిమితే, నిండి తీరాల్సిన సంఖ్య కాదు. మంజూరైన పోస్టులు వేరు, పనిలో ఉన్న జడ్జీలు వేరు.

‘శాసనం ద్వారా’: ఆ ఏడును పెంచే అధికారాన్ని అదే వాక్యం పార్లమెంటుకిచ్చింది. శాసనం ద్వారా, అనగా సాధారణ మెజారిటీ చాలే మామూలు చట్టంతో. 1956లో 10, 1960లో 13, 1977లో 17, 1986లో 25, 2009లో 30, 2019లో 33. ప్రధాన న్యాయమూర్తితో కలిపి 34. వీటిలో ఒక్కటీ రాజ్యాంగ సవరణ కాదు. సంఖ్య చిన్న విషయమూ కాదు. పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు సవరించవచ్చో 1973లో తేల్చిన కేశవానంద భారతి కేసు విన్నది 13 మంది. అప్పటి పరిమితి ప్రధాన న్యాయమూర్తితో కలిపి 14. తీర్పు 7–6గా, ఒక్క జడ్జి తేడాతో తేలింది.

‘బెంచి’: కలిసి కేసు వినే జడ్జీలనూ బెంచి అంటాం, ప్రధాన స్థానం గాక మరో ఊళ్లో కూర్చునే కోర్టునూ అంటాం. కర్నూలు అడిగేది రెండోది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 31(3) సెక్షన్ ప్రకారం, గవర్నరు ఆమోదంతో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అలాంటి చోటు నిర్ణయించవచ్చు. హైకోర్టులో ఎందరు జడ్జీలుండాలన్నది 216 అధికరణం కింద రాష్ట్రపతి చూసుకునే పని. రెంటికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.

‘సవరణ’: అమెరికా సుప్రీంకోర్టులో జడ్జీలు తొమ్మిది మంది అన్నదీ 1869 నాటి చట్టం మాటే, రాజ్యాంగం మాట కాదు. 1937లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఆ సంఖ్యను 15 దాకా పెంచబోయి విఫలమయ్యాడు. అందుకే ఆ తొమ్మిదిని రాజ్యాంగంలోనే రాయాలని అక్కడ కొందరి పట్టు. మనకూ అలా కావాలా? నా మట్టుకు అక్కర్లేదు. ఇక్కడ పేర్లు ఎంచేది కొలీజియం, అంటే సీనియర్ జడ్జీల బృందం. కుర్చీలు పెంచినంత మాత్రాన ప్రభుత్వం తనవాళ్లను నింపుకోలేదు. కేసుల భారానికి తగ్గట్టు పెంచుకునే వెసులుబాటే మేలు.

ఒకవేళ 124ను సవరించదలిస్తే మాత్రం పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీ చాలదు. 368 అధికరణం ప్రకారం కనీసం సగం రాష్ట్రాల చట్టసభలు ఒప్పుకోవాలి. అది మన అసెంబ్లీకి వస్తే కర్నూలు, కడప ఎమ్మెల్యేలూ ఓటు వేయాల్సిందే.