స్కీయింగ్‌కు వీలున్న యూనివర్సిటీ కావాలా? సీటు ఖాయం చేసుకునే ముందు ఇవి చూడాల్సిందే..

కృష్ణా జిల్లా చల్లపల్లి. దివిసీమకు ముఖద్వారం లాంటి ఊరు. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తే. చుట్టూ వరి చేలు, కాలువలు. ఇటు మచిలీపట్నం, అటు అవనిగడ్డ.. ఎటు వెళ్లినా పల్లమే. మంచు సంగతి సరే, కొండ కనిపించడమే కష్టం. రాష్ట్రంలో ‘ఆంధ్రా కశ్మీర్’ అని పేరున్న లంబసింగిలోనూ చలికి గడ్డి మీద పొగమంచు పేరుకుంటుందే తప్ప, జారేంత మంచు ఎప్పుడూ పడదు.

అయినా ఈ ప్రాంతం పిల్లలు చదువుల కోసం శ్రీనగర్ నుంచి సాల్ట్ లేక్ సిటీ దాకా వెళ్తున్నారు. రీల్స్‌లో మంచు మీద దూసుకెళ్లే వీడియోలు చూసి, చదువుతో పాటు స్కీయింగ్ కూడా నేర్చుకుంటే బాగుండు అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ కోరికలో తప్పేం లేదు. అయితే మ్యాప్‌లో కొండ దగ్గరగా కనిపించినంత మాత్రాన స్కీయింగ్ అందుబాటులో ఉన్నట్టు కాదు. కారు లేకుండా వెళ్లగలరా? మంచు పడే రోజుల్లో కాలేజీ తెరిచి ఉంటుందా? దెబ్బ తగిలితే ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు? పొలం మీద అప్పు తెచ్చి, బ్యాంకు లోన్ తీసుకుని చదివించే ఇళ్లలో ఈ ప్రశ్నలకు ముందే జవాబు తెలియాలి.

నేర్చుకుంటే చాలా? ప్రతి వారం వెళ్లాలా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఒక్కసారి నేర్చుకుంటే చాలనుకుంటే దాని కోసం యూనివర్సిటీని మార్చుకోనక్కర్లేదు. గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ ఉంది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయీ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. చలికాలంలో ఇక్కడ దాదాపు రెండు వారాల బేసిక్ కోర్సులు నడుస్తాయి. విజయవాడలో చదివే విద్యార్థి కూడా సెలవు చూసుకుని వెళ్లి నేర్చుకుని రావొచ్చు.

ప్రతి వారాంతం కొండెక్కాలి, నాలుగేళ్లలో బాగా రాటుదేలాలి అనుకుంటేనే యూనివర్సిటీ ఎంపికలో స్కీయింగ్‌ను లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు కూడా వరుస ఇలా ఉండాలి. మొదట బ్రాంచ్, తర్వాత ఖర్చు, ఆ తర్వాతే మంచు. రెండు కాలేజీలు అన్నింటా సమానంగా ఉన్నప్పుడు మాత్రమే కొండ దగ్గరున్నదాని వైపు మొగ్గొచ్చు.

ఎన్‌ఐటీ శ్రీనగర్.. కొండ దగ్గరే, కానీ..

మన దేశంలో స్కీయింగ్‌కు బాగా దగ్గరగా ఉన్న జాతీయ స్థాయి ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇదొకటి. 1960లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2003లో ఎన్‌ఐటీ అయింది. శ్రీనగర్‌లోని హజరత్‌బల్‌లో ఉంటుంది. అక్కడి నుంచి గుల్‌మార్గ్ సుమారు 50-55 కిలోమీటర్లు. గుల్‌మార్గ్ ఎత్తు దాదాపు 2,650 మీటర్లు. అక్కడి గొండోలా కేబుల్ కారు రెండో దశ ఎక్కితే అఫర్వాత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల దాకా వెళ్లొచ్చు.

సీటు జోసా కౌన్సెలింగ్‌లో జేఈఈ మెయిన్ ర్యాంకుతో వస్తుంది. ఏపీ విద్యార్థులకు సొంత రాష్ట్ర కోటా ఉన్నది తాడేపల్లిగూడెంలోని ఎన్‌ఐటీలో. శ్రీనగర్‌లో వాళ్లు ఇతర రాష్ట్రాల కోటాలో పోటీ పడాలి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. కశ్మీర్‌లో చలి సెలవులు పెద్దవి. స్కీయింగ్ సీజన్ డిసెంబర్ నుంచి మార్చి దాకా. అంటే మంచు బాగా పడే రోజుల్లోనే పిల్లలు సెలవులకు ఇంటికి వస్తారు. ఆ సమయంలో హాస్టల్ తెరిచి ఉంటుందా, లేదా అన్నది ముందే కనుక్కోవాలి. మూసేస్తే బయట గది తీసుకోవాలి, ఖర్చు పెరుగుతుంది. మంచు ఎక్కువగా ఉంటే తంగ్‌మార్గ్ దాటాక టైర్లకు గొలుసులు కట్టిన బండ్లనో, ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లనో మాత్రమే పైకి వదులుతారు. ఆ చివరి 13 కిలోమీటర్లకు చేతి ఖర్చు వేరేగా ఉంచుకోవాలి.

ప్రయాణం విషయానికొస్తే 2025 జూన్ 6న కట్రా-శ్రీనగర్ వందేభారత్ రైళ్లు మొదలయ్యాయి. చల్లపల్లికి రైలు లేదు కాబట్టి విజయవాడ చేరుకుని, కట్రా దాకా రైల్లో వెళ్లి, అక్కడ రైలు మారొచ్చు. గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా విమానంలోనూ వెళ్లొచ్చు.

పరిస్థితులూ చూసుకోవాలి. 2025 మేలో భారత్-పాక్ ఉద్రిక్తతల సమయంలో సరిహద్దు రాష్ట్రాల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులు ఢిల్లీలోని ఏపీ భవన్, తెలంగాణ భవన్‌లకు చేరుకుని అక్కడి నుంచి ఇళ్లకు వచ్చారు. అక్కడ సీటు తీసుకునేవాళ్లు ఇలాంటి అత్యవసర ప్రయాణానికి కొంత డబ్బు పక్కన పెట్టుకోవడం మంచిది.

శ్రీనగర్‌లు రెండు.. ఆప్షన్ పెట్టేటప్పుడు జాగ్రత్త

ఉత్తరాఖండ్ గఢ్వాల్‌లోనూ శ్రీనగర్ అనే ఊరుంది. ఎన్‌ఐటీ ఉత్తరాఖండ్ ఉన్నది అక్కడే. ఇది కశ్మీర్ కాదు, గుల్‌మార్గ్‌తో సంబంధం లేదు. ఇక్కడికి దగ్గరి స్కీయింగ్ కేంద్రం ఔలి. జోషీమఠ్ దాకానే ఘాట్ రోడ్డు మీద సుమారు 145 కిలోమీటర్లు. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి, ఇళ్లు పగుళ్లిచ్చాయి. అప్పుడే ఔలి రోప్‌వే కూడా ఆగిపోయింది. వెళ్లే ముందు రోడ్డు, రోప్‌వే పరిస్థితి తెలుసుకోవాలి.

ఐఐటీ మండి

2009లో మొదలైన ఈ ఐఐటీ హిమాచల్‌లోని కమాంద్‌లో ఉంది. మనాలి సుమారు 100 కిలోమీటర్లు. స్కీయింగ్ జరిగే సోలంగ్ లోయ మనాలి దాటాక మరో 13 కిలోమీటర్లు. కొండ దారి కాబట్టి మూడు గంటలకు పైనే పడుతుంది. పొద్దున వెళ్లి రాత్రికి రావడం కంటే రెండ్రోజుల ప్లానే నయం. 2020 అక్టోబర్‌లో ప్రారంభమైన 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ వల్ల లాహౌల్ లోయలోని సిస్సు వైపు కూడా మంచు చూడటానికి వీలు కలిగింది.

ఇంకో సంగతి.. మన దేశంలో మంచుకు గ్యారంటీ లేదు. 2024 జనవరిలో గుల్‌మార్గ్ చాలా రోజులు మంచు లేక బోసిపోయింది. 2025 ఫిబ్రవరిలో మంచు చాలకే ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ గుల్‌మార్గ్ పోటీలు మార్చికి వాయిదా పడ్డాయి.

అమెరికాలో ఎక్కడ?

తెలుగు విద్యార్థులు ఎక్కువగా చేరే టెక్సాస్‌లో స్కీయింగ్ కొండలు లేవు. డాలస్ నుంచి కొలరాడో వెళ్లాలంటే విమానం ఎక్కాలి, లేదా 12 గంటలకు పైగా కారు నడపాలి. స్కీయింగ్ కావాలంటే చూడాల్సిన యూనివర్సిటీలు వేరు.

యూనివర్సిటీ ఆఫ్ యూటా: సాల్ట్ లేక్ సిటీలో ఉంది. 2002 వింటర్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం ఈ క్యాంపస్ స్టేడియంలోనే జరిగింది. 2034 ఒలింపిక్స్ కూడా ఇక్కడికే వస్తున్నాయి. ఆల్టా, స్నోబర్డ్, బ్రైటన్, సాలిట్యూడ్ రిసార్టులు గంటలోపు దూరం. చలికాలంలో స్కీ బస్సులు నడుస్తాయి. విద్యార్థి కార్డే బస్సు పాస్‌గా పనిచేస్తుంది. ఒక మెలిక ఏంటంటే, ఆల్టాలో స్కీలకే అనుమతి, స్నోబోర్డుకు లేదు.

యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో బౌల్డర్: ఎల్డోరా రిసార్ట్ సుమారు 34 కిలోమీటర్లు. బౌల్డర్ నుంచి ఆర్టీడీ బస్సులో వెళ్లొచ్చు. డెన్వర్ వైపు నుంచి పెద్ద రిసార్టులకు వెళ్లే ఐ-70 హైవే మాత్రం శని, ఆదివారాల్లో ట్రాఫిక్‌తో నిండిపోతుంది. మ్యాప్ చూపించే టైమ్‌ను నమ్ముకోవద్దు.

మోంటానా స్టేట్ యూనివర్సిటీ: బోజ్‌మన్‌లో ఉంది. లాభాపేక్ష లేకుండా నడిచే బ్రిడ్జర్ బౌల్ సుమారు 26 కిలోమీటర్లే. అయితే చిన్న ఊరు. చదువయ్యాక ఉద్యోగం వెతకడానికి వేరే చోటికి వెళ్లక తప్పదన్నది ముందే ఆలోచించుకోవాలి.

కాలేజీ టీముల్లో ఆడాలనుకుంటే డెన్వర్, యూటా, కొలరాడో, వెర్మాంట్ యూనివర్సిటీలు ఎన్‌సీఏఏ స్కీయింగ్‌లో పేరున్నవి. కానీ ఆ టీముల్లో ఉండేది చిన్నప్పటి నుంచి స్కీయింగ్ చేసినవాళ్లు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు సరైన చోటు యూనివర్సిటీ స్కీ క్లబ్, అవుట్‌డోర్ సెంటర్.

కెనడా, యూరప్

వాంకూవర్‌లోని యూబీసీ విద్యార్థులు సిటీ బస్సులోనే గ్రౌస్ మౌంటెన్ కిందికి చేరొచ్చు. 2010 ఒలింపిక్స్ జరిగిన విస్లర్ సుమారు 120 కిలోమీటర్లు. కాల్గరీలో 1988 ఒలింపిక్స్ కోసం కట్టిన పార్కు నగరంలోనే ఉంది. చిన్న స్లోప్ కాబట్టి కొత్తవాళ్లకు అనుకూలం.

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ యూనివర్సిటీ 1669 నాటిది. ఊళ్లో నుంచి అరగంటలో నోర్డ్‌కెట్టె కొండ మీదికి వెళ్లిపోవచ్చు. కానీ ఆ వాలు బాగా నిటారు, కొత్తవాళ్లకు పనికిరాదు. డిగ్రీ కోర్సులు ఎక్కువగా జర్మన్ భాషలోనే ఉంటాయి.

జర్మనీలో మ్యూనిక్ నుంచి గార్మిష్‌కు రైల్లో సుమారు గంటన్నర. అయితే జర్మనీ అంటే ఫీజు ఉండదన్న పాత లెక్క అక్కడి టెక్నికల్ యూనివర్సిటీకి ఇప్పుడు వర్తించదు. 2024 చలికాలం సెమిస్టర్ నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు కోర్సును బట్టి సెమిస్టర్‌కు 2,000 నుంచి 6,000 యూరోల దాకా ఫీజు పెట్టారు.

ఖర్చు ఎక్కడ తేడా కొడుతుంది?

అమెరికా పెద్ద రిసార్టుల్లో సీజన్‌లో కౌంటర్ దగ్గర కొనే ఒక్కరోజు టికెట్ 200 డాలర్లు దాటుతోంది. అంటే దాదాపు 17 వేల రూపాయల పైమాటే. అందుకే అక్కడివాళ్లు సీజన్ పాస్ కొంటారు. ఈ పాసులు ముందు సీజన్ ముగిసే వసంతంలో చౌక. చలికాలం దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. ఆగస్టులో దిగే మన విద్యార్థి తొలి ఏడాది ఆ తక్కువ ధరను అందుకోలేడు. కాబట్టి మొదటి చలికాలం పాస్ కొనకుండా, చిన్న రిసార్టులో కొత్తవాళ్ల ప్యాకేజీ తీసుకోవడం తెలివైన పని. లిఫ్ట్, పాఠం, అద్దె స్కీలు కలిపి అలాంటివి దొరుకుతాయి.

స్కీలు, బూట్లు, హెల్మెట్ అద్దెకే తీసుకోవాలి. మొదటి ఏడాదే కొనొద్దు. చలికోటు, గ్లౌజులు, గాగుల్స్ సెకండ్ హ్యాండ్‌లో తక్కువకే వస్తాయి.

రిసార్టులో పార్ట్‌టైమ్ జాబ్? వీసా పోతుంది జాగ్రత్త

అక్కడి విద్యార్థులు రిసార్టుల్లో పనిచేసి సీజన్ పాస్ ఉచితంగా సంపాదిస్తారు. అది చూసి మనవాళ్లు అదే చేస్తే చిక్కుల్లో పడతారు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పనిచేయొచ్చు. అనుమతి లేకుండా బయట పనిచేస్తే స్టేటస్ పోయే ప్రమాదం ఉంది. జీతం లేదు, పాస్ మాత్రమే ఇస్తారు అన్నా సరే.. యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగకుండా ఒప్పుకోవద్దు. కెనడాలో 2024 నవంబర్ నుంచి స్టడీ పర్మిట్ నిబంధనలకు లోబడి క్యాంపస్ బయట వారానికి 24 గంటల వరకు పనికి అనుమతి ఉంది.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

2022 డిసెంబర్ 26న అమెరికాలోని అరిజోనాలో గడ్డకట్టిన సరస్సు మీద నడుస్తుండగా మంచు విరిగి ముగ్గురు భారతీయులు చనిపోయారు. వారిలో గుంటూరు జిల్లాకు చెందిన దంపతులు ఉన్నారు. అది స్కీయింగ్ కాదు. కానీ మంచు అలవాటు లేనివాళ్లకు ఏది గట్టిదో, ఏది కాదో చూపుతో తెలియదని ఆ ఘటన చెబుతుంది. 2024 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో మంచు చరియలు విరిగిపడి ఓ రష్యన్ స్కీయర్ మృతి చెందాడు. గుర్తులు పెట్టిన స్లోప్ దాటి వెళ్లకూడదన్నది కొత్తవాళ్లకు మొదటి నియమం.

అమెరికాలో స్లోప్‌లకు రంగులుంటాయి. ఆకుపచ్చ వలయం తేలిక, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం. పచ్చ గుర్తు మీద ఆగడం, మలుపు తిరగడం వచ్చాకే నీలం వైపు చూడాలి.

ఇన్సూరెన్స్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఇక్కడ కొని తీసుకెళ్లే చాలా పాలసీల్లో చలికాలపు ఆటలకు, సాహస క్రీడలకు మినహాయింపు ఉంటుంది. కాలు విరిగితే సర్జరీ, అంబులెన్సు బిల్లులు లక్షల్లోకి వెళ్తాయి. పాలసీ కాగితంలో స్కీయింగ్ కవర్ అవుతుందని రాసి ఉందో లేదో చదవాలి. లేకపోతే యూనివర్సిటీ ప్లాన్ తీసుకోవాలి. అందులోనూ ఇదే మాట అడగాలి.

ఆప్షన్ పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవే

1. స్కీయింగ్ తీసేస్తే కూడా ఈ కాలేజీలో ఈ బ్రాంచ్ తీసుకుంటారా?
2. హాస్టల్ గేటు నుంచి లిఫ్ట్ దాకా బస్సులో ఎంతసేపు? చివరి బస్సు ఎన్నింటికి?
3. డిసెంబర్ నుంచి మార్చి దాకా అకడమిక్ క్యాలెండర్ ఎలా ఉంది? హాస్టల్ తెరిచి ఉంటుందా?
4. కొత్తవాళ్లకు స్లోప్, క్లబ్, అద్దె సామాను ఉన్నాయా?
5. ఏడాదికి ఆరుసార్లు వెళ్తే మొత్తం ఎంత? అది లోన్ డబ్బులోంచా, వేరేగానా?
6. ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్ ఉందా? రాతపూర్వకంగా ఉందా?

మొదటి ప్రశ్నకు ‘లేదు’ అనే జవాబు వస్తే ఆ ఆప్షన్‌ను జాబితాలో కిందికి దించేయడమే మేలు. రెండో ప్రశ్నకు సమాధానం వెబ్‌సైట్‌లో కంటే అక్కడ చదువుతున్న సీనియర్ల దగ్గర సరిగ్గా దొరుకుతుంది. దాదాపు అన్ని పెద్ద యూనివర్సిటీల్లోనూ తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులున్నాయి. కౌన్సెలింగ్ మొదలయ్యాక కాకుండా ముందు చలికాలంలోనే, అంటే డిసెంబర్, జనవరిలోనే వాళ్లను అడిగితే.. అప్పటికి కొండ మీద మంచు ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.