ఏ దారి ఎవరికి తెలియవలెను? — రూట్ టార్గెట్ చరిత్ర

ఒకే పేరుగల గ్రామములు రెండున్నచో ఉత్తరముపై జిల్లా పేరు కూడ వ్రాయుదుము గదా! కంప్యూటరు నెట్‌వర్కులలో ఇట్టి చిక్కే 1990 దశకమున ఏర్పడినది.

10తో మొదలగు చిరునామాలను, మరి కొన్నిటిని, ఏ సంస్థయైనను తన లోపలి అవసరములకు వాడుకొనవచ్చునని 1996 ఫిబ్రవరిలో ఆర్.ఎఫ్.సి. 1918 అను పత్రము తెలిపినది. అందుచే వేర్వేరు సంస్థలలో ఒకే చిరునామాలు వాడుకలో నున్నవి. ఈ సంస్థల శాఖలను ఒకే టెలిఫోను కంపెనీ కలుపవలసి వచ్చినపుడు, ఎవరి దారి ఎవరిదో తెలియుటెట్లు?

1999 మార్చిలో ఎరిక్ రోజెన్, యాకోవ్ రెఖ్టర్ అను ఇంజనీర్లు ఆర్.ఎఫ్.సి. 2547లో ఒక మార్గము చూపిరి. దారులను ప్రకటించు బి.జి.పి. నియమావళిని 1989లో రచించిన వారిలో రెఖ్టర్ ఒకరు. ఈ కొత్త పద్ధతిలో దారుల వార్తలను మోయునది బి.జి.పి.; సమాచారమును మోయునది ఎం.పి.ఎల్.ఎస్. చీటీలు.

4 బైట్ల చిరునామాకు ముందు వారు 8 బైట్ల ‘రూట్ డిస్టింగ్విషర్’ను చేర్చిరి. ఇది జిల్లా పేరు వంటిది. కాని ఒక దారికి ఇది ఒక్కటే ఉండగలదు. ఒక శాఖ దారి సొంత సంస్థకును, సరకులిచ్చు వర్తకునికిని కూడ తెలియవలెనన్నచో ఒక్క గుర్తు చాలదు. కావున “ఇది ఏ దారి?” అను ప్రశ్ననుండి “ఇది ఎవరికి తెలియవలెను?” అను ప్రశ్నను వారు వేరుచేసిరి. రెండవదానికి సమాధానమే రూట్ టార్గెట్. మొదట దీనిని ‘టార్గెట్ వి.పి.ఎన్.’ అనిరి, 2006 ఫిబ్రవరి నాటి ఆర్.ఎఫ్.సి. 4364లో నేటి పేరు కలదు.

ఇది పనిచేయు విధము సులభము. కంపెనీ అంచు రూటరులో ఖాతాదారులకు వేర్వేరు మార్గముల పట్టికలుండును. పట్టికనుండి వెలువడు దారికి ఒకటిగాని, అంతకెక్కువగాని ఎగుమతి టార్గెట్లు తగిలింతురు. అవతలి పట్టికకు దిగుమతి టార్గెట్ల జాబితా ఉండును. వీనిలో ఒక్కటి కలిసినను దారి ఆ పట్టికలో చేరును, లేనిచో చేరదు.

ప్రధాన కార్యాలయము ‘కేంద్రము’ అను టార్గెట్‌ను ఎగుమతిచేసి, ‘శాఖ’ అను దానిని దిగుమతి చేసికొనునను కొందము. శాఖలు ఇందుకు విరుద్ధముగా చేయును. అప్పుడు ఒక శాఖ దారి మరియొక శాఖకు నేరుగా తెలియదు. నిజమునకు రూటరులో ఇవి 65000:1 వంటి అంకెలు.

2006 నవంబరులో ఆర్.ఎఫ్.సి. 4684 మరియొక సౌకర్యము కల్పించినది. తనకు ఏ టార్గెట్లు కావలెనో రూటరు ముందుగనే తెలుపును. తక్కిన దారులను పంపు శ్రమ తప్పును.

ఈ పద్ధతిలో గుప్తలిపి లేదు. ఒక అంకె తప్పినచో ఒక సంస్థ దారులు వేరొక సంస్థ పట్టికలో చేరవచ్చును. ఆ అంకెలు వ్రాయు ఇంజనీరు జాగరూకతపైననే ఖాతాదారుల ఏకాంతము ఆధారపడియున్నది.