వేడిగాలి పంకా – దాని తీగెల చరిత్రము

నేటి ప్రసంగవిషయము పాతకాలపు మోటారుకారులలోని వేడిగాలి పంకా. రోహిణీకార్తెలో రోళ్లు పగులు మన సీమలో కారునకు కుంపటి యేలయని మీరు నవ్వవచ్చును. కాని యీ సాధనము పుట్టినది చలిదేశములందు. అచ్చట నిది భోగమునకు మాత్రమే గాక ప్రాణరక్షణమునకును వలసినదయ్యెను. చలికాలమున కారులోని మనుష్యుల యూపిరి ముందరి యద్దముపై తెల్లని పొరయై పేరుకొనును. అద్దము మసకబారినచో త్రోవ కనుపింపదు. ఆ పొరను తొలగించునది వేడిగాలియే. నేడు మన పల్లెల బిడ్డలు పెక్కుమంది యింగ్లండు, అమెరికా, కెనడా దేశములలో కాపురము లుండుటచే నీ కథ మనకు బొత్తిగా పరాయిది కాదు.

తొలినాటి కారులు గుఱ్ఱపుబండ్ల వంటివి. నలుప్రక్కల గోడలు లేని వాహనమునకు హీటరు పెట్టియు ప్రయోజనము లేదు గదా! ప్రయాణికులు ఉన్నికంబళ్లు కప్పుకొని, నిప్పులపెట్టెలపై కాళ్లుంచుకొనెడివారు. గదివలె మూయబడిన కారులు వ్యాపించిన పిమ్మట ఇంజనునుండి వెలువడు పొగగొట్టపు వేడిని లోనికి మరలించు నుపాయము ప్రబలెను. 1927 చివర ఫోర్డు కంపెనీవారు విడుదల చేసిన ‘మోడల్ ఎ’ కారునకు నిట్టి హీటరులు దొరకెడివి. అయితే గొట్టము చిల్లిపడినచో కార్బన్ మోనాక్సైడను విషవాయువు లోనికి వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రవలె వచ్చి ప్రాణము దీయును.

ఈ యపాయము లేని మార్గము వేడినీటిది. పెట్రోలు మండగా పుట్టు వేడిలో సుమారు మూడవవంతు ఇంజను చుట్టునుండు నీటిలో గలిసి, రేడియేటరు ద్వారా గాలిపాలగును. ఆ నీటిలో కొంత కారులోని చిన్న రేడియేటరునకు మరలించి, దాని వెనుక విద్యుత్పంకా నమర్చినచో, పారవేయు వేడియే పనికివచ్చును. అమెరికాలోని నాష్ కంపెనీవారు 1938లో వెలుపలి శుభ్రమైన గాలిని లోనికి దీసి, యీ విధముగ వెచ్చజేసి పంపు నేర్పాటు చేసిరి. పంకా తిరుగుటకు విద్యుత్తు కావలెను. 1912 నాటి క్యాడిలాక్ కారులలో కెటరింగు గారి విద్యుత్ స్టార్టరు చేరినది మొదలు బ్యాటరీయు డైనమోయు కారులలో స్థిరపడుటచే నది సుసాధ్యమయ్యెను.

ఇంగ్లండున 1948లో వెలువడిన మోరిస్ మైనరు కారును దృష్టాంతముగ గొందము. దానిని రూపించినవాడు ఆలెక్ ఇసిగోనిస్. మొదట దానియందు నీటిపంపు లేదు. వేడినీరు పైకెక్కును, చల్లనినీరు దిగును అను ప్రకృతిధర్మమే దాని కాధారము. 1950 చివర పంపు చేర్చిన తరువాతనే, కోరినవారికి హీటరు అమర్చుట వీలుపడెను. 1960 నాటికి పదిలక్షలు తయారైన తొలి బ్రిటిషు కారిదియే. దాని ననుసరించి వంగదేశమున ఉత్తరపారా కర్మాగారమున ‘బేబీ హిందుస్థాన్’ తయారయ్యెను. అచ్చటనే 2014 వఱకు తయారైన అంబాసడరు కారును మోరిస్ వంశములోనిదే.

ఈ కారులను నేటికిని ముచ్చటతో పోషించువారు కలరు. వారికి తఱచుగ గలుగు చిక్కు పంకా తిరుగకుండుట. ‘రోగ మొకటి, మందొకటి’ యన్నట్లు కొందఱు వెంటనే మోటారు మార్చుదురు. తర్కము చదివినవారికి అన్వయవ్యతిరేకములు తెలియును గదా. ఇచ్చట నవియే సాధనములు. ఆ కారులలో పన్నెండు వోల్టుల బ్యాటరీనుండి ఫ్యూజు మీదుగా ఆకుపచ్చ తీగ పంకాకు బోవును. నల్లతీగ ఇనుపదేహమున గలియును, దీనినే ఎర్తందురు. మొదట తాళము త్రిప్పి చూడవలెను. అదే ఫ్యూజు క్రిందనుండు వైపరు, పెట్రోలు సూచిక గూడ నిలిచిపోయినచో దోషము ఫ్యూజునందో దాని చిలుముపట్టిన పట్టులయందో యుండును. అవి పనిచేయుచు పంకా మాత్రమే నిలిచినచో దోషము పంకా త్రోవలోనిదే.

అప్పుడు స్విచ్చి వేసి, చిన్న బల్బును మోటారు తీగెలు రెంటి నడుమ నుంచవలెను. వెలిగినచో విద్యుత్తు వచ్చుచున్నదన్నమాట. కావున లోపల కార్బను బ్రష్షు లరిగినవో, నూనె యెండి యిరుసు బిగిసినదో చూడవలెను. వెలుగనిచో బల్బు రెండవకొనను శుభ్రమైన దేహలోహమునకు తాకింపవలెను. ఇప్పుడు వెలిగినచో దోషము ఎర్తుతీగలోనిది. అప్పటికిని వెలుగనిచో స్విచ్చినిగాని దాని తీగెనుగాని పరీక్షింపవలెను.

పంకా మందముగ తిరుగుట వేఱొక రోగము. 1827లో ఓమ్ అను జర్మను పండితుడు ప్రకటించిన సూత్రము దీనికి కీలకము. లెక్క సులభమగుటకై పంకాను మూడు ఓముల నిరోధముగ దలంతము. పన్నెండు వోల్టులకు నాలుగు ఆంపియరులు పాఱును. కీలునందలి చిలుము మఱియొక ఓము చేర్చినచో మూడు ఆంపియరులే పాఱును. పంకాకు తొమ్మిది వోల్టులే దక్కును. తక్కిన మూడు వోల్టులు ఆ కీలునందే తొమ్మిది వాట్ల వేడియై నిలుచును. ఇట్లే కదా నిప్పు పుట్టుట!

కావుననే ఫ్యూజు స్థానమున మేకునో మందపు తీగెనో పెట్టుట పాపము. పాతకారుల తీగెలకు నూలు, రబ్బరు తొడుగులు. అవి యేండ్లు గడచినకొలది పెళుసుబాఱి రాలును. తీగె దేహమునకు తాకిన క్షణమున ఫ్యూజు తాను కరగి కారును కాపాడును. కరగని ఫ్యూజు ద్వారమున నిద్రించు కావలివాని వంటిది.

మఱియొక సంగతి. ఆ బ్రిటిషు కారులలో పెక్కింటికి బ్యాటరీ ధనధ్రువమునే ఎర్తు చేసెడివారు. 1960 తరువాతి దశాబ్దమున ఋణధ్రువమునకు మాఱిరి. పాతదానిని క్రొత్తపద్ధతికి మార్చినచో శాశ్వతాయస్కాంతము గల మోటారు వెనుకకు తిరుగును. చుట్టలచే అయస్కాంతమగు మోటారు మాత్రము ముందటివలెనే తిరుగును.

మహాశయులారా, నేను ముప్పది యేండ్లు బడిపిల్లలకు పాఠములు చెప్పినవాడను. ఈ విషయము మీకు చెప్పుట మీరు పాతకారు కొనవలెనని కాదు. మన పొలములలో పంపుసెట్ల ఫ్యూజులు పలుమాఱు కరగుచుండగా విసిగి, మందపు రాగితీగ చుట్టువారిని నేను చూచియున్నాను. కరగుట ఫ్యూజు దోషము కాదు, అది చెప్పు వార్త. ఆ వార్త వినక వార్తాహరుని నోరు మూయుట గృహస్థునకు దగదు. మీ మాట మన్నించు పల్లెలో ఈ యొక్క సంగతి మీరు పదుగురికి జెప్పి, సరియైన తీగ వేయించినచో నొక ప్రాణమైనను నిలుచును. సెలవు.