కంట్రోలు బియ్యం: తెలుగు వంటింట్లో రెండో ప్రపంచ యుద్ధం

తెలంగాణ పల్లెల్లో చౌకధరల దుకాణం ఎక్కడుందని అడిగితే ఇప్పటికీ ‘కంట్రోలు దుకాణమా?’ అని ఎదురడుగుతారు. అక్కడ ఇచ్చేవి కంట్రోలు బియ్యం. ఆ మాట ఎప్పటిదని ఆరా తీస్తే తాతల నాటిదంటారు తప్ప, యుద్ధం నాటిదని ఎవరూ అనరు. ఈ వ్యాసానికి మూలం ఆ మరుపే.

మన చరిత్ర పుస్తకాలకు 1942 అంటే క్విట్ ఇండియా. ఆ ఏడు ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి ఒక పేరాలో తేలిపోతుంది. యుద్ధం యూరప్‌లోనూ బర్మాలోనూ జరిగిందనీ, తెలుగువాళ్లు దాన్ని పత్రికల్లో చదివి తెలుసుకున్నారనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఆ అభిప్రాయం తప్పు. యుద్ధం తెలుగువాళ్ల బియ్యం డబ్బాలోకి, కిరసనాయిలు బుడ్డిలోకి, చేతి సంచిలోకి వచ్చింది. వచ్చి మళ్లీ వెళ్లలేదు.

యుద్ధకాలపు భారత సమాజం గురించి రాసేవారెవరైనా చరిత్రకారుడు ఇందివర్ కామ్‌టేకర్‌ను దాటి పోలేరు. 2002లో వెలువడిన ఆయన రెండు వ్యాసాలు ఈ రంగానికి దారి వేశాయి. ఒకటి 1942 నాటి వణుకు గురించి: పాలకుల ధైర్యం ఎలా సడలిందో, ఆ బెదురు జనంలోకి ఎలా పాకిందో చెబుతుంది. రెండోది వర్గాల గురించి: బ్రిటన్‌లో యుద్ధభారం అందరి మీదా పడితే, ఇక్కడ ధరల రూపంలో పేదల నెత్తిన ఎలా పడిందో చూపుతుంది. రెండూ గొప్ప వ్యాసాలే. అయినా మొదటిదానిలో భయం ముందుకొచ్చి అలవాటు వెనక్కి పోయింది. రెండోదానిలో ఎవరు లాభపడ్డారు, ఎవరు నష్టపోయారు అన్న లెక్క తేలింది గాని, ఆ లెక్కలో బతికిన మనిషి రోజు ఎలా గడిచిందో కనబడదు. ప్రభుత్వ ఫైళ్లు భయాన్ని నమోదు చేస్తాయి, ధరను నమోదు చేస్తాయి. సంచి పట్టుకుని వరసలో నిలబడటాన్ని నమోదు చేయవు.

భయం మాట క్లుప్తంగా. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. నెల తిరగకుండా విశాఖ మీద బాంబులు పడ్డాయి. మద్రాసు సగం ఖాళీ అయింది, అక్కడి జూలో క్రూరమృగాలను కాల్చి చంపారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. బర్మా నుంచి బయలుదేరిన భారతీయులు నాలుగైదు లక్షలు. అడవి దారుల్లో వేలాదిమంది రాలిపోయారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అనేవారంటే, ఆ రేవుకూ రంగూన్‌కూ ఉన్న బంధం ఎంతటిదో ఊహించవచ్చు. ఇదంతా నిజమే. కానీ తెలుగు జిల్లాల్లో ఆ బెదురు కొద్ది నెలల్లో తగ్గింది. తగ్గనిది బర్మా బియ్యం కొరత.

యుద్ధానికి ముందు బర్మా నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం ఈ దేశానికి వచ్చేది. దీపం బుడ్డిలో పోసే కిరసనాయిలూ చాలావరకు అక్కడిదే. రెండూ ఒక్కసారిగా ఆగిపోయాయి. కొత్తగా అచ్చువేసిన నోట్లు మాత్రం ఆగలేదు. యుద్ధం ముగిసేనాటికి చలామణిలో ఉన్న నోట్ల విలువ సుమారు ఆరు రెట్లయింది. 1942లో ఆహారధాన్యాల కంట్రోలు ఉత్తర్వు వచ్చింది, ఆ ఏడు చివర కేంద్రంలో ఆహార శాఖ పుట్టింది. లక్షకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో రేషన్ పెట్టాలనీ, పెద్దవాళ్లకు రోజుకు ఒక పౌను ధాన్యం ఇవ్వాలనీ 1943లో గ్రెగరీ కమిటీ చెప్పింది. బెంగాల్ కరువు కళ్లెదుట ఉన్న కాలం అది. 1946కు వచ్చేసరికి ఆ పౌను 12 ఔన్సులకు తగ్గింది.

ఈ ఔన్సు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తెలుగు ఇల్లాలు బియ్యాన్ని ఏనాడూ తూచి వండలేదు. సోలతోనో తవ్వతోనో మానికతోనో కొలిచింది. ‘నలుగురికి ఒక మానిక, పైన వచ్చేపోయేవాళ్లకు గుప్పెడు’ అన్నది ఇంటి లెక్క. ఆ గుప్పెడు రేషన్ కార్డులో లేదు. కార్డు అడిగింది ఒక్కటే: ఈ ఇంట్లో ఎంతమంది? పెద్దలెందరు, పిల్లలెందరు? చుట్టం వచ్చి నాలుగు రోజులుంటే ఆ మెతుకులు ఎవరి వంతులోంచి రావాలన్నది వంటింటి సమస్య అయింది. పైగా బియ్యం కోటా కోసి గోధుమలు ఇస్తే, వాటిని ఏం చేసుకోవాలో తెలియని ఇళ్లే ఎక్కువ. తెలుగు ఇంటిని సర్కారు తలల లెక్కన చూడటం, ఇల్లు కూడా తనను తాను అలాగే చూసుకోవడం ఇక్కడే మొదలైందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఉమ్మడి కుటుంబం విడిపోవడానికి ఆస్తి తగాదాలను కారణంగా చూపే పండితులు, వేరు కుంపటికి ముందు వేరు కార్డు వచ్చిందన్న సంగతినీ పరిశీలించాలి.

మిగిలిన సాక్ష్యం భాషలో ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ధాన్యం పుష్కలంగా ఉన్నా దాన్ని తరలించాలంటే ‘పర్మిటు’ కావాలి. మిల్లుకు నూకతో సహా లెక్క. నేతగాడికి నూలు ‘కోటా’. మిల్లు గుడ్డ మీద గరిష్ఠ ధర ముద్ర. ముద్ర వేసిన ధరకు సరుకు దొరకదు గనుక ‘బ్లాకు’. నిజాం రాజ్యంలో ‘లెవీ’: పండిన గింజలో నిర్ణయించిన వంతు సర్కారు ధరకు అప్పజెప్పాలి. దొరలు, దేశ్‌ముఖులు తప్పించుకుంటే అది చిన్నరైతు కల్లం మీద పడింది. తెలంగాణ సాయుధ పోరాటానికి వెట్టి ఎంత కారణమో లెవీ అంత కారణం. ఆ పోరాటాన్ని ప్రపంచ యుద్ధం కన్న బిడ్డగా చదవకుండా సగమే చదువుతున్నాం.

ఇక కాణీ. 1943లో అచ్చయిన కాణీ నడుమ చిల్లుతో వచ్చింది. లోహం మిగిల్చేందుకు పాత కాణీ బరువులో సగానికన్నా తగ్గించారు. పాతదాని మీద రాజు తల ఉండేది. కొత్తదాని మీద పైన చిన్న కిరీటం మిగిలింది, రాజు తల ఉండాల్సిన చోట చిల్లు పడింది. చిల్లిగవ్వ అన్న నానుడి ఎరిగిన జాతి చేతిలో సర్కారు స్వయంగా చిల్లు కాణీ పెట్టింది. రాజ్యం పరపతి ఎంతగా దిగజారిందో సంతకు వెళ్లిన ప్రతివాడి అరచేతిలో కనిపించింది. అంతకన్నా పెద్ద కరపత్రం ఏ నాయకుడూ పంచలేదు.

1947 చివర కంట్రోళ్లు సడలించారు, మళ్లీ బిగించారు, 1952లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ఆహార కంట్రోలు ఎత్తేశారు గనుక యుద్ధకాలపు ఏర్పాటు తెగకుండా సాగిందనడం కుదరదని కొందరు అనవచ్చు. ఎత్తేసింది ఉత్తర్వునే, అలవాటును కాదు. గింజ దొరకనప్పుడు దొర ఇంటికి కాక సర్కారు దుకాణానికి వెళ్లి నిలబడటం, ఇది నా వంతు అని గొంతెత్తి అడగటం ఒక తరం నేర్చుకుంది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడినప్పుడు ఆ అలవాటు సిద్ధంగా ఉంది. 1983లో ఎన్‌టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడూ దుకాణం, కార్డు, వరస కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం రాలేదు. ఆ పథకాన్ని ఎన్నికల వాగ్దానంగా మాత్రమే చూసే రాజకీయ విశ్లేషణ నలభై ఏళ్ల వెనకటి వరసను మరిచిపోతోంది.

పాత తాలూకా కచేరీల రికార్డు గదుల్లో, ఇళ్లలో ట్రంకుపెట్టెల అడుగున, ఆనాటి కార్డులూ పర్మిటు చీటీలూ చెదలు పట్టకముందే సేకరించాలి. ఈలోగా చెవిన పడేదైనా రాసుకోవాలి. ‘కోటా బియ్యం డీలరు బ్లాకులో అమ్మేశాడు’ అని ఈ రోజు ఏ ఊరి రచ్చబండ దగ్గరైనా వినిపించే ఫిర్యాదులో కోటా ఒకటి, బ్లాకు ఒకటి. ఆ రెండు మాటలూ 1943 నాటి దుకాణం ముందు మన నోట నానినవే.