చ నెత్తిన రెండంకె

హంగేరియన్‌లో ఓ మీద రెండు చుక్కలుంటే హ్రస్వం, అవే రెండు వాలుగీతలైతే దీర్ఘం. లాటిన్-1 ఎన్‌కోడింగులో ఆ గీతల అక్షరం లేక టిల్డా పెట్టిన ఓతో సర్దుకునేవాళ్ళు పాపం. మనకీ అలాంటి గుర్తొకటుంది. చ, జల నెత్తిన చిన్న రెండంకె: ౘ, ౙ.

జడ్చర్ల పేరు మా మహబూబ్‌నగర్ వాళ్ళ నోట వినండి. జ, చ రెండూ పళ్ళ దగ్గరే పలుకుతాయి. అదే నల్లగొండ వైపు చిట్యాలలో చి అంగిట్లో పుడుతుంది. అచ్చతెలుగు మాటల్లో వెనక అ, ఆ, ఉ, ఒ లాంటి అచ్చులుంటే దంత్యం, ఇ, ఎలుంటే తాలవ్యం. 1948 దాకా ఇక్కడ సర్కారు భాష ఉర్దూ కదా, ఆ మాటల్నీ మనవాళ్ళు ఈ లెక్కలోకే లాగేశారు! బజారు, అర్జీ రెంటిలోనూ ఉర్దూలో ఉన్న ధ్వని ఒకటే. మన నోట్లో మొదటిది ౙ, రెండోది మామూలు జ అయ్యాయి.

మరి నియమం ఉండగా గుర్తెందుకు? సంస్కృతం వల్ల. జాతర దంత్యం, జాతి తాలవ్యం. రాజు దంత్యం, రాజా తాలవ్యం. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) తెలుగుకి లెక్కగట్టిన 36 వర్ణాల్లో ౘ, ౙలు వేరే అక్షరాలే. పేపర్లు మాత్రం చ, జలతోనే కానిచ్చేస్తాయి. ఇంట్లో విన్నవాళ్ళకి ఫర్లేదు. డాలస్‌లో పుట్టి పుస్తకంలోంచి తెలుగు నేర్చుకునే పిల్లకి ‘చలి’ ఎలా పలకాలో ఎవరు చెప్తారు?

2008లో యూనికోడ్ 5.1 రెంటికీ చోటిచ్చింది. కాకపోతే గుర్తుని విడిగా ఇవ్వలేదు, పూర్తి అక్షరాలుగానే ఇచ్చింది. హంగేరియన్ అక్షరాన్ని నార్మలైజ్ చేస్తే ఓ, గీతలు విడిపోతాయి, సెర్చ్‌లో గీతల్ని వదిలెయ్యొచ్చు. ౘ అలా విడిపోదు. ‘ౘలి’ అని రాస్తే ‘చలి’ అని వెతికేవాడికి దొరకదు, మనమే మ్యాపింగ్ రాస్తే తప్ప. రెండక్షరాలకి ఎంత కోడ్ కావాలండీ?