తెలుగునాట హెచ్‌ఐవీ, సుఖవ్యాధుల నివారణ: పురుషుల పాత్ర

హెచ్‌ఐవీ, సిఫిలిస్, గనేరియా వంటి లైంగిక వ్యాధులు సోకకుండా, సోకినవి మరొకరికి పాకకుండా చూసే పనిలో మగవాళ్ళను బాధ్యులుగా చేర్చుకోవడానికి జరిగిన ప్రయత్నాల చరిత్ర ఇది. కండోం వాడడం, వేళకు పరీక్ష చేయించుకోవడం, భార్యతో పాటు తానూ మందు వేసుకోవడం, స్వలింగ సంపర్కం ఉన్న పురుషులు తోటివారికి తామే సలహాదారులుగా నిలవడం ఇందులో భాగాలు. తెలుగు ప్రాంతాల్లో ఈ ప్రయత్నాలు 2000 తర్వాతే ఊపందుకున్నాయి.

16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశం సిఫిలిస్‌ను ఫిరంగ రోగంగా వర్ణించింది. బ్రిటిష్ పాలనలో 1864 నాటి కంటోన్మెంట్ చట్టం కింద సైనిక దండుల్లో వ్యాధి నివారణ పేరుతో పేర్ల నమోదు, నిర్బంధ పరీక్షలు వచ్చాయి. అవి వేశ్యా స్త్రీలకే. వాళ్ళ దగ్గరకు వెళ్ళే సైనికులకు ఆ నిర్బంధం లేదు. భారం ఆడవాళ్ళ మీద వేసే ఈ పద్ధతి చట్టం పోయాక కూడా చాలాకాలం నిలిచింది.

స్వాతంత్ర్యం తర్వాత సుఖవ్యాధుల చికిత్సను పెన్సిలిన్ మార్చేసింది. ఈ వ్యాధుల బోధన, శిక్షణ, పరిశోధన కోసం దేశంలో నెలకొల్పిన ప్రాంతీయ కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. 1968లో కేంద్ర ప్రభుత్వం ‘నిరోధ్’ అనే కండోంను మూడు 15 పైసల చొప్పున కిరాణా కొట్ల దాకా చేర్చింది. కానీ జనం దాన్ని కుటుంబ నియంత్రణ సాధనంగానే చూశారు. పిల్లలు చాలనుకున్న ఇళ్ళలో భార్యకు ఆపరేషన్ అయిపోయేది, ఇక కండోంతో పనేమిటన్న భావన స్థిరపడింది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నారు. కండోం వాడే దంపతులు 1 శాతం లోపే. హెచ్‌ఐవీ వచ్చాక ఈ అలవాటు ఎంత ప్రమాదమో తెలిసివచ్చింది.

మగవాళ్ళు నోరు విప్పి అడగలేని ప్రశ్నలకు తొలి వేదిక వారపత్రికలు. విజయవాడకు చెందిన డాక్టర్ సమరం ప్రశ్నోత్తరాల శీర్షికలతో లక్షల ఇళ్ళకు పరిచితుడయ్యారు. సిగ్గుపడే విషయాన్ని మామూలు వైద్య భాషలోకి తెచ్చిన మేలు ఆయనది.

దేశంలో హెచ్‌ఐవీ 1986లో చెన్నైలో బయటపడింది. 1991లో జాతీయ సేవా పథకం విశ్వవిద్యాలయాల విద్యార్థులతో ఎయిడ్స్ గురించి మాట్లాడించే కార్యక్రమం మొదలుపెట్టింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, 1998లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సంస్థ ఏర్పడ్డాయి. ఆ దశాబ్దంలో సెక్స్ వర్కర్లకు బోధించినంతగా వాళ్ళ దగ్గరకు వచ్చే మగవాళ్ళకు ఎవరూ బోధించలేదు.

2000 తర్వాత దృష్టి మగవాళ్ళు గుమిగూడే చోట్లకు మళ్ళింది. 2001లో మొదలైన ‘ఆపరేషన్ లైట్‌హౌస్’ విశాఖపట్నంతో సహా 12 రేవుల్లో కార్మికులు, లారీ డ్రైవర్లు, క్లీనర్ల మధ్య పనిచేసింది. ఆ రోజుల్లోనే ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న హోర్డింగులు వెలిశాయి. జవాబు లేని ఆ ప్రశ్న టీ కొట్ల దాకా పాకింది. పులిరాజా ఎవరని అడగని ఊరు లేదు. సమర్థమైన ప్రచారమే అది. ప్రశ్న తొలిసారి ఆడదాని గురించి కాక మగవాడి గురించి అడిగింది.

2003లో బిల్ అండ్ మెలిండా గేట్స్ ఫౌండేషన్ ‘అవాహన్’ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. లారీ డ్రైవర్ల పనిని టీసీఐ ఫౌండేషన్ చేపట్టి, జాతీయ రహదారుల మీద లారీలు ఆగే చోట్లే క్లినిక్‌లు నడిపింది. ఈ ఏర్పాటుకు వైద్యపరమైన కారణం బలంగా ఉంది. గనేరియా సోకితే మగవాడికి మంట, చీము సాధారణంగా త్వరగానే కనిపిస్తాయి. స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. అతను దాచితే ఆమెకు తెలిసే దారి లేదు. పైగా మర్మావయవాల మీద పుండ్లున్నవారికి హెచ్‌ఐవీ మరింత తేలిగ్గా సోకుతుంది. 2008లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో బీబీసీ వరల్డ్ సర్వీస్ ట్రస్ట్ కండోం అన్న మాటను నలుగురిలో పలికించే ప్రచారం నడిపింది. కబడ్డీ ఆట ప్రకటన, ‘కండోం కండోం’ అని పాడే రింగ్‌టోన్ ఆ ప్రచారంలోవే.

ఈ కాలంలో హైదరాబాద్‌లోని తార్నాక పేరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ, అవాహన్ ప్రభావాన్ని కొలిచే సర్వేలో ఆంధ్రప్రదేశ్ భాగాన్ని నిర్వహించింది. సెక్స్ వర్కర్లతో పాటు వాళ్ళ దగ్గరకు వచ్చే పురుషులనూ, స్వలింగ సంపర్కం ఉన్న పురుషులనూ కలిసి, ప్రవర్తన అడిగి, రక్త నమూనాలు సేకరించడం ఓర్పుతో కూడిన పని. అంతకు ముందే, ఆ సంస్థ పొరుగునే ఉన్న భారత రసాయన సాంకేతిక సంస్థ, ఎ.వి.రామారావు నాయకత్వంలో, హెచ్‌ఐవీ మందు జిడోవుడిన్ తయారీ పద్ధతిని రూపొందించి మందుల కంపెనీ సిప్లాకు అందించింది. దేశీయ ఎయిడ్స్ మందుల చరిత్రలో అది గొప్ప అడుగు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత చికిత్స మొదలుపెట్టింది.

గుంటూరు జిల్లాలో 12,617 మంది రక్తాన్ని పరీక్షించిన అధ్యయనం 2006లో వెలువడింది. జిల్లాలో వ్యాధి భారం అప్పటి అధికారిక పద్ధతి లెక్కల కన్నా చాలా తక్కువని తేల్చింది. మరుసటి ఏడాది దేశపు అంచనాలను తగ్గించడంలో దీని పాత్ర ఉంది.

స్వలింగ సంపర్కం ఉన్న పురుషుల్లో పెళ్ళయినవారు ఎందరో ఉంటారు కాబట్టి వారి రక్షణ భార్యల రక్షణ కూడా. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్ వల్ల వాళ్ళు పోలీసులకు భయపడి క్లినిక్‌లకు దూరంగా ఉండేవారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో పరస్పర సమ్మతి గల వయోజనులకు ఆ సెక్షన్ నుంచి విముక్తి కలిగింది. అదే నెలలో హెచ్‌ఐవీ బాధితుల పట్ల వివక్షను నిషేధించే 2017 నాటి చట్టం అమలులోకి వచ్చింది.

2014లో తెలంగాణకు వేరే ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. 2023 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్‌ఐవీ ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం, తెలంగాణలో 0.44 శాతం, దేశం మొత్తంలో 0.20 శాతం. ప్రభుత్వాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లు సుఖవ్యాధులకు రంగుల కిట్లలో మందులిస్తాయి. గనేరియా లక్షణాలకు బూడిద రంగు కిట్, భాగస్వామికి కూడా అదే చికిత్స. గర్భిణికి కాన్పు ముందు పరీక్షల్లోనే హెచ్‌ఐవీ పరీక్ష అవుతుంది కాబట్టి చాలా ఇళ్ళలో వ్యాధి సంగతి ముందు ఆమె ద్వారానే బయటపడుతుంది. భర్తను కౌన్సెలర్ దగ్గరకు పిలిపించడం ఆ తర్వాత జరిగే పని.